నీటిని బట్టి షెడ్యూలు: వన్యప్రాణి ఫోటోగ్రఫీలో ఒక ఏడాది కేస్ స్టడీ

ముందు కేసు స్వరూపం. ఒక ఫోటోగ్రాఫర్, ఒక డ్రైవర్, ఒక బండి. నెలకు ఎనిమిది, తొమ్మిది రోజుల చొప్పున ఏడాదికి వంద ఫీల్డ్ రోజులు. ప్రాంతం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. వాటికి ఆనుకుని ఒడిశాలో రుషికుల్య తీరం, మహారాష్ట్రలో తాడోబా. ఏడాది చివర చేతిలో ఉండాల్సింది ప్రదర్శనకు పనికొచ్చే నలభై ఫ్రేములు.

ఇలాంటి పనికి దిగే వాళ్లు మొదట తెరిచేది మ్యాపు. శ్రీకాకుళంలో తేలినీలాపురం, కాకినాడ దగ్గర కోరింగ, కైకలూరు దగ్గర ఆటపాక, కింద నేలపట్టు, పులికాట్. అన్నీ చెన్నై–కోల్‌కతా హైవేకి అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి అక్టోబరులో ఒక్క చుట్టులో కానిచ్చేసి, డిసెంబరు సెలవుల్లో నల్లమల వెళ్దామనుకుంటారు. ఈ కేసులో మొదటి షెడ్యూలూ అదే. డీజిల్ లెక్కకి బ్రహ్మాండంగా ఉంటుంది, ఫోటోలకి మాత్రం దండగ. అక్టోబరు మొదట్లో నేలపట్టు చెరువు నిండి ఉండదు. ఈశాన్య రుతుపవనం ఇంకా రాదు. డిసెంబరులో నల్లమలలో ప్రతి వాగులోనూ, ప్రతి దొనలోనూ నీళ్లుంటాయి. జంతువుకి ఎక్కడ దాహమేస్తే అక్కడే తాగుతుంది, మనం చూసే చోటికి రావాల్సిన పనే లేదు.

అందుకని మ్యాపు పక్కన పెట్టి కార్తెల లెక్క పట్టుకోవాల్సి వచ్చింది. రైతు విత్తనానికి చూసే లెక్కే ఇక్కడా సరిపోతుంది. ఆరుద్ర నుంచి మఖ దాకా వర్షపు పురుగులు, గడ్డి మైదానాలు. స్వాతి, విశాఖ తర్వాత నిండిన చెరువుల మీద గూళ్లు. మాఘ, ఫాల్గుణాల్లో తీరం, మడ అడవి. చైత్రం నుంచి రోహిణి కార్తె చివరి దాకా ఎండిన అడవిలో మిగిలిన నీటి గుంటలు. ఈ వరుసలో బండి దాదాపు రెట్టింపు దూరం తిరుగుతుంది. తిరగనివ్వాలి.

అనుమతులు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో సెక్షన్ 28 ప్రకారం అభయారణ్యంలో ఫోటోగ్రఫీకి అనుమతి ఇచ్చేది చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్. పర్యాటకుల సఫారీలో కెమెరా రుసుం కట్టి తీసుకునే ఫోటోలకి వేరే దరఖాస్తు అక్కర్లేదు. సఫారీ రూటు దాటి నడవాలన్నా, రాత్రి ఉండాలన్నా, కెమెరా ట్రాప్ (జంతువు కదిలితే దానంతటదే ఫోటో తీసే కెమెరా) పెట్టాలన్నా రాతపూర్వక అనుమతి తప్పదు. దరఖాస్తులో తేదీలు, బీట్ (ఒక అటవీ గార్డు పరిధిలోని ప్రాంతం) పేరు, మనుషుల సంఖ్య, బండి నంబరు, పరికరాల జాబితా ఉండాలి. రెండు నెలల ముందు పెడితేనే నిశ్చింత. డ్రోన్ సంగతి అసలు ఎత్తకండి.

చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. ఆ చట్టంలో ‘వేట’ అంటే చంపడమొక్కటే కాదు. అడవి పక్షుల గూళ్లనీ గుడ్లనీ చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. గూడు బాగా కనబడాలని అడ్డుకొమ్మ విరిచినవాడూ చట్టం దృష్టిలో వేటగాడే. కొమ్మ తీసేస్తే పిల్లల మీద నేరుగా ఎండ పడుతుంది, పైనుంచి కాకికీ గద్దకీ దారి తెరుచుకుంటుంది.

ఆరుద్ర పురుగు: వర్షాకాలం

పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాలు జులై నుంచి సెప్టెంబరు చివరి దాకా పర్యాటకులకి మూసేస్తారు. ఆ మూడు నెలలూ చిన్న ప్రాణుల్ని అతి దగ్గరినుంచి తీసే మాక్రో లెన్సువి.

ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుంది. తొలి గట్టి వాన పడిన మర్నాడు పొద్దున్నే ఎర్రనేల, ఇసుక కలిసిన చెలకల్లో ఆరుద్ర పురుగులు పైకొస్తాయి. ఎండ చుర్రుమనగానే మళ్లీ మట్టిలోకి దిగిపోతాయి. చేతిలో ఉండేది రెండు మూడు గంటలు. 100 ఎం.ఎం. మాక్రో, మెత్తటి తెల్లగుడ్డ చుట్టిన చిన్న ఫ్లాష్, పడుకోవడానికి టార్పాలిన్ ముక్క చాలు.

చూడ్డానికి తేలిక, తీయడానికి మొండి. కెమెరా చూపించే మామూలు హిస్టోగ్రామ్, అంటే ఫోటోలో వెలుగునీడల గ్రాఫు, అంతా సరిగ్గా ఉందంటుంది, ఇంటికొచ్చి చూస్తే పురుగు మీద మఖమల్ నూగు ఉండదు, ఎర్ర రంగు పూసిన ముద్ద ఉంటుంది. కారణం, ఆ ఎరుపు ఎంత గాఢమంటే మిగతా రెండు రంగులూ ఖాళీగా ఉండగానే ఎరుపు ఛానెల్ ఒక్కటీ నిండి పొంగిపోతుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని, మీటరు చెప్పినదానికన్నా ఒక స్టాపు (అంటే సగం వెలుతురు), అవసరమైతే ఇంకో మూడో వంతు తగ్గించి తీయాలి. 1:1 సైజులో, అంటే పురుగు సెన్సరు మీద అసలు సైజులోనే పడేలా, లెన్సు రంధ్రం ఎఫ్/11కి చిన్నది చేసి పెట్టినా స్పష్టంగా వచ్చే లోతు ఒకటిన్నర మిల్లీమీటరు లోపే, పురుగేమో సెంటీమీటరు పైచిలుకు. పైనుంచి తీస్తే వీపు ఒక్కటే వస్తుంది. లెన్సు నేలకి ఆనించి పక్కనుంచి తీస్తే తల, ముందుకాళ్లు ఒకే తలంలోకి వస్తాయి.

ఈ కాలంలో పాడయ్యేది కెమెరా కన్నా లెన్సు. గాల్లో తేమ 60 శాతం దాటి వారాలు నిలిస్తే అద్దాల మధ్య బూజు పడుతుంది. లెన్సులు దాచే గాలి చొరబడని డ్రైబాక్సులో తేమ 40–50 శాతం మధ్య ఉంచాలి. మంచిదే కదా అని 30 కిందికి దించితే రబ్బరు రింగులు బిరుసెక్కుతాయి. సిలికా జెల్ రంగు మారగానే పెనం మీద సన్నసెగన వేయించి మళ్లీ వాడొచ్చు. ఇంకొకటి, ఏసీ గదిలోంచి తీసిన లెన్సు తెల్లవారుజామున బయట పెట్టగానే ఆవిరి పడుతుంది. గదిలోనే జిప్ కవరులో మూసి, బయటికొచ్చాక ముప్పావుగంట ఆగి తెరవాలి. ఆ ముప్పావుగంట ముందే నిద్ర లేవాలి, అంతే.

లెన్సు కదలకుండా ఆనించుకునే సంచి, బీన్ బ్యాగులో బియ్యం నింపడం మన అలవాటు. ఎండాకాలంలో దానికి మించింది లేదు: ఖాళీ సంచి తీసుకెళ్లి దగ్గరి ఊళ్లో రెండున్నర కిలోలు కొని నింపుకోవడం, వచ్చేటప్పుడు ఎవరికైనా ఇచ్చేయడం. వర్షాకాలంలో మాత్రం తడిసి పులుస్తుంది, పురుగు పడుతుంది. అప్పుడు ప్లాస్టిక్ గుళికలే దిక్కు.

రోళ్లపాడు: నీరు వచ్చి పోగొట్టిన చోటు

నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యం విస్తీర్ణం కేవలం 6.14 చదరపు కిలోమీటర్లు. 1988లో బట్టమేక పక్షి కోసమే ఏర్పడింది. ఇప్పుడు బట్టమేకని తీద్దామని అక్కడికి వెళ్తే బోర్డు మీది బొమ్మే దొరుకుతుంది. చుట్టూ జొన్న, కొర్ర లాంటి మెట్ట పంటలున్నంత కాలం ఆ పక్షికి పొలమూ మేతబీడే. కాలువ నీళ్లు, అలగనూరు రిజర్వాయరు వచ్చాక పంట మారింది, మందుల వాడకం పెరిగింది, మనుషుల రాకపోకలు పెరిగాయి. ఈ షెడ్యూలంతా నీళ్లుంటే ప్రాణి ఉంటుందన్న లెక్క మీద నడుస్తుంది కదా, ఆ లెక్క తప్పే చోటు ఇదొక్కటే. గడ్డినేల పక్షికి కావాల్సింది తడి కాదు, ఎవరూ కదపని పొడినేల.

అయినా ఐదు రోజులు ఇవ్వొచ్చు. ఆగస్టులో మోకాలెత్తు పచ్చగడ్డిలో కృష్ణజింకలు, నవంబరు తర్వాత సాయంత్రం గడ్డిలో రాత్రి మకాంకి దిగే హారియర్ గద్దలు దొరుకుతాయి. నేల నెమలి మగది వర్షాకాలంలో గడ్డిలోంచి నిట్టనిలువుగా ఎగిరి దూకుతుంది కానీ, ఇప్పుడు అది ఎంత అరుదంటే దాని పేరు మీద రోజులు కేటాయించకూడదు. తోడేలు కావాలంటే గొర్రెల కాపరుల్ని అడగాలి. మంద ఏ బీడులో ఉందో తోడేలుకి తెలుసు, తోడేలు ఎటు తిరుగుతోందో కాపరికి తెలుసు.

కలివికోడిని జాబితాలోంచి కావాలనే తీసేశాం. ఎనిమిది దశాబ్దాలకి పైగా ఆచూకీ లేకుండా పోయి 1986లో కడప జిల్లాలో మళ్లీ బయటపడ్డ పక్షి అది. తిరిగేది రాత్రిపూట, పల్చటి ముళ్లపొదల మధ్య. టార్చి వేసి, రికార్డు చేసిన కూత వినిపించి వెతికితే తప్ప ఫోటోగ్రాఫర్‌కి దొరకదు. అలా వెతికి తెచ్చే ఫోటోకి ఆ పక్షి చెల్లించే ధర ఎక్కువ.

నేలపట్టు, పులికాట్: గాలీ వెలుతురూ

నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టేది చెరువులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద. నీళ్లు ఆ చెట్ల చుట్టూ కందకం. కందకం ఉంటే నక్కా అడవిపిల్లీ చెట్టు మొదలు దాకా రాలేవు. ఈశాన్య రుతుపవనం ముఖం చాటేసి చెరువు నిండకపోతే పక్షులు వచ్చినా గూడు కట్టకుండానే వెళ్లిపోతాయి. కాబట్టి గది బుక్ చేసేముందు అడగాల్సిన ప్రశ్న “పక్షులు వచ్చాయా” అని కాదు, “చెట్ల మొదళ్లు మునిగాయా” అని. మునిగితే జనవరి, ఫిబ్రవరిల్లో ఎదిగిన పిల్లలు తల్లి గొంతుసంచిలో తలదూర్చి తినే దృశ్యం ఖాయం.

మేత కోసం గూడబాతులు వెళ్లేది దాదాపు 20 కిలోమీటర్ల దూరంలోని పులికాట్‌కి. ఫోటోగ్రాఫర్ మకాం సూళ్లూరుపేటలో పెడితే రెండూ అందుతాయి.

పులికాట్‌లో అసలు పని రాజహంసల దగ్గర, అంటే ఫ్లెమింగోల దగ్గర. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి సరస్సు మధ్యలోంచి పోయే రోడ్డు దాదాపు పడమర నుంచి తూర్పుకి ఉంటుంది. ఫోటో తీసేది రోడ్డు మీంచే కాబట్టి మీకున్నవి రెండే దిక్కులు, ఉత్తరం, దక్షిణం. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణానికి వాలి ఉంటాడు. కాబట్టి ఉత్తరం వైపు పక్షుల మీద పొద్దున్నించి సాయంత్రం దాకా వెలుతురు పడుతుంది, దక్షిణం వైపు పక్షులు నీడబొమ్మల్లా వస్తాయి. ఇంతవరకూ ఎవరైనా రెండో రోజుకి కనిపెడతారు.

తిరకాసు గాలితో వస్తుంది. పక్షి గాలికి ఎదురు తిరిగి నిలబడుతుంది, గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. డిసెంబరు, జనవరిల్లో గాలి ఈశాన్యం నుంచి. ఉత్తరం వైపున్న ఫ్లెమింగో ఈశాన్యానికి తిరిగితే మీకు కనిపించేది దాని వీపు. వెలుతురు బ్రహ్మాండం, ఫ్రేములో మొహం లేదు! వేలల్లో పక్షులున్నా ఎగిరే ఫోటోలు చప్పగా రావడానికి మూలం ఇదే. గాలి తూర్పుకి తిరిగితే పక్క రూపం వస్తుంది. ఫిబ్రవరి రెండో సగానికి గాలి ఆగ్నేయానికి మళ్లుతుంది, సూర్యుడు ఇంకా దక్షిణానే ఉంటాడు. అప్పుడు ఉత్తరం వైపు పక్షి కాస్త మీ వైపు తిరిగి పరుగెత్తి లేస్తుంది. ఈలోగా నీటిమట్టం తగ్గి గుంపులు కూడా రోడ్డుకి కొంత దగ్గరవుతాయి. అందుకే ఈ కేసులో పులికాట్‌కి ఇచ్చిన పది రోజుల్ని జనవరిలో మూడు, ఫిబ్రవరి చివర ఏడుగా విడగొట్టాం. గుంపు విస్తారం చూపించే ఫ్రేములు మొదటి విడతలో, రెక్క విప్పిన ఫ్రేములు రెండో విడతలో.

సెట్టింగులు పెద్ద విద్య కాదు. షట్టర్ వేగం పరుగెత్తి లేచేటప్పుడు సెకనులో 1/2500, నిలబడ్డప్పుడు 1/1000. తెల్లటి ఈకలు పేలిపోకుండా హైలైట్ హెచ్చరిక పెట్టుకోవాలి. 600 ఎం.ఎం. లెన్సు కూడా చాలదనిపిస్తుంది, అప్పుడు నడిచి వెళ్దామన్న బుద్ధి పుడుతుంది. వెళ్లకండి. పైన తెల్లగా ఎండిన ఉప్పు పొర, కింద మోకాలి లోతు నల్లబురద. బండి చక్రం రోడ్డు అంచు దాటినా అంతే, ట్రాక్టరు వచ్చి లాగాలి. ఇంజను ఆపి, కిటికీ మీద బీన్ బ్యాగు పెట్టుకుని, బండినే చాటుగా వాడుకోవాలి. మేస్తున్న గుంపులో మెడలన్నీ ఒక్కసారిగా నిటారుగా లేస్తే మీరు హద్దు దాటినట్టే. అక్కణ్నుంచి వెనక్కి రావడమే పని, లేపితే ఆ పూట మేత పోతుంది.

రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఆ రోడ్డు మీద తనిఖీలు, ఆంక్షలు ఎక్కువ. ప్రయోగ తేదీలు చూసుకునే గది తీసుకోవాలి. మకాంకి తిరిగొచ్చాక ఉప్పుగాలి తగిలిన లెన్సు హుడ్డు, ట్రైపాడ్ కీళ్లు మంచినీళ్లలో పిండిన గుడ్డతో తుడవాలి. పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు గరుకుకి గీతలు పడతాయి.

తేలినీలాపురం గురించి ఒక్క మాట. ఊరి చెట్ల మీద గూళ్లు పెట్టే ఎర్రకాళ్ల కొంగల్ని పేపర్లు ఏటా ‘సైబీరియా పక్షులు’ అని రాస్తాయి. అవి మన ఉపఖండం పక్షులే. నీళ్లనీ చేపల్నీ బట్టి ఇక్కడిక్కడే తిరుగుతాయి. ఫోటో కింద వ్యాఖ్యలో సైబీరియా అని రాశారంటే తెలిసిన ఎడిటర్ సెట్టు మొత్తాన్నీ అనుమానిస్తాడు.

కోరింగ, తాబేళ్లు

మడ అడవిలో గడియారం పోటు, పాటులది. అవి రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. సోమవారం ఆరింటికి పాటు ఉంటే శనివారానికి పది దాటుతుంది, అప్పటికి వెలుతురు మండిపోతుంది. అందుకే ముందు పాటు పట్టిక చూసి, పొద్దున ఆరు–ఎనిమిది మధ్య పాటు పడే నాలుగైదు రోజులు ఎంచుకోవాలి. బురద తేలితేనే పీతలు, బురదలో గెంతే చేపలు, వాటి కోసం లకుముకి పిట్టలు, అదృష్టం బాగుంటే నీటికుక్కల గుంపు కనబడతాయి. తీస్తున్న నీటిలో చిన్న పాయలోకి పడవ దూరితే అడుగు ఆనుకుని నాలుగైదు గంటలు అక్కడే. పెద్ద పాయలో ఆగి, పోటు ఎక్కుతుండగా లోపలికి పోవాలని సరంగుకి ముందే చెప్పి పెట్టుకోవాలి. బావురుపిల్లిని పగటి పడవ ప్రయాణంలో ఆశించకండి, అది కెమెరా ట్రాపు పని.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి మన తీరం ఇసుకలో గుడ్లు పెడతాయి. రాత్రి తల్లి తాబేలు మీద ఫ్లాష్ గానీ తెల్లలైటు గానీ వేస్తే గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోతుంది. ఈ షెడ్యూలులో రాత్రి షూటింగు పెట్టలేదు. అటవీ శాఖ హ్యాచరీల్లో 45–60 రోజులకి బయటికొచ్చిన పిల్లల్ని తెల్లవారగానే వదులుతారు. వెడల్పు లెన్సు ఇసుకకి ఆనించి, అలవైపు మొహం పెట్టి తీస్తే కావాల్సింది వచ్చేస్తుంది. రుషికుల్యలో సామూహికంగా గుడ్లు పెట్టడం ఫిబ్రవరి, మార్చిల్లో. అది కొన్నేళ్లు జరగనే జరగదు. దానికి టికెట్లు ముందుగా తీయకుండా, కబురందిన రాత్రే బయల్దేరేలా వారం ఖాళీ ఉంచుకోవడం మేలు.

ఎండాకాలం: చెలమల దగ్గర

ఇప్పుడు నల్లమల. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, కృష్ణకి ఇవతల తెలంగాణలో అమ్రాబాద్. ఇక్కడ పులులు పల్చగా విస్తరించి ఉంటాయి, అడవి విశాలం. పులే కావాలంటే చంద్రపూర్ దగ్గర తాడోబాకి ఆరేడు సఫారీలు కేటాయించి ఆ ముచ్చట అక్కడే తీర్చుకోవాలి. నల్లమలకి వచ్చేది ఎలుగుబంటి, కొండగొర్రె, బెట్లుడుతల కోసం. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే చెట్ల కిందికి, మేలో తునికి పండ్ల దగ్గరికి ఎలుగు వస్తుంది. ఏ ఇప్పచెట్టు కింద నేల గోకి ఉందో చెంచు గైడుకి తెలిసినంత ఏ యాపుకీ తెలియదు.

నీటిగుంటలు రెండు రకాలు. అటవీ శాఖ సిమెంటుతో కట్టి ట్యాంకరుతోనో సోలారు మోటారుతోనో నింపే సాసర్ పిట్లు ఒకటి, వాగు ఇసుకలో ఊరే చెలమలు రెండోది. పిట్టు దగ్గర జంతువు గ్యారంటీ, కానీ సిమెంటు అంచు ఫ్రేములోకి వస్తుంది. జంతువు తల ఎత్తి, నోటినుంచి నీటిచుక్కలు కారే క్షణంలో ఛాతీ పైభాగం మాత్రమే తీస్తే అంచు కనబడదు. చెలమ దగ్గర ఓపిక ఎక్కువ కావాలి, ఫోటో మాత్రం అడవిది.

ఎక్కువమంది చేసే పొరపాటు, డ్రైవర్ని “ఇంకా దగ్గరికి పోనీ” అనడం. జీపులో కంటి ఎత్తు నేలనుంచి 2.2 మీటర్లు, పులి కన్ను 0.8 మీటరు. పది మీటర్ల దూరంలో ఈ తేడా ఎనిమిది డిగ్రీల కిందిచూపు అవుతుంది: పులి నెత్తి, వెనక బండిబాట మట్టి. అదే నలభై మీటర్ల నుంచి రెండే డిగ్రీలు. పులి కంటికి కన్ను కలుస్తుంది, వెనక వెదురు పొదలు దూరంగా మసకగా కరిగిపోతాయి. పొడుగు లెన్సు ఉన్నవాడు దగ్గరికి వెళ్లి చెడగొట్టుకుంటాడు.

కానీ ఆ దూరానికి మరో శత్రువు ఉంది. మేలో తొమ్మిది దాటాక నేలమీంచి వేడి లేచి గాలి అలలు కొడుతుంది. నలభై మీటర్ల ఫోటో మెత్తబడిపోతుంది, చాలామంది లెన్సుని సర్వీసుకి పంపుతారు. పరీక్ష తేలిక. వరసగా పది ఫ్రేములు తీసి పూర్తి సైజులో చూడండి. ఒక్కో ఫ్రేములో ఒక్కోచోట అంచులు వంకరపోతుంటే అది వేడిగాలి. అన్నింట్లో ఒకే తీరుగా మసకుంటే లెన్సు లోపం. వేడిగాలికి మందు లేదు. ఎనిమిదిన్నరకి దూరపు ఫోటోలు ఆపేసి దగ్గరి పిట్టల మీదికి మళ్లాలి.

బండిలో వరసకొకరు చొప్పున ముగ్గురికి మించి ఫోటోగ్రాఫర్లు వద్దు. ఆరుగురు ఎక్కితే ఒకరు కదిలినప్పుడల్లా అందరి ఫ్రేమూ ఊగుతుంది.

డేటా

45 మెగాపిక్సెల్ రా ఫైలు (కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫోటో) దాదాపు 50 ఎంబీ. ఒక పూట 1,500 ఫ్రేములు పడితే 75 జీబీ. రోజూ రాత్రి రెండు ఎస్‌ఎస్‌డీల్లోకి కాపీ, రెండూ వేర్వేరు బ్యాగుల్లో. రెండింటిలోనూ ఫైళ్లు తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదు. రెండు కెమెరా బాడీల గడియారాలూ నెలకోసారి కలపాలి, లేకపోతే వరస తప్పి ఏ ఫోటో ఏ పూటదో తేలదు. గూళ్లు, గుడ్లగూబలు, తోడేలు బొరియల ఫోటోల్లో లొకేషన్ డేటా తీసేశాకే బయటికి పంపాలి.

షెడ్యూలులో చివరి పది రోజులు రోహిణి కార్తెకి పెట్టాం. ఏడాది మొత్తంలో చెలమల దగ్గర రద్దీ ఎక్కువగా ఉండే రోజులవే, ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఒక రాత్రి గట్టివాన పడితే తెల్లారేసరికి ప్రతి దొనలో నీళ్లు, ప్రతి ఆకు కింద తడి. నిన్నటిదాకా ఎలుగు వచ్చిన పిట్టు దగ్గర తూనీగలు తప్ప ఏమీ ఉండవు. అప్పుడు మిగిలిన సఫారీలు వదులుకుని, 600 ఎం.ఎం. తుడిచి డ్రైబాక్సులో పెట్టి, మాక్రో లెన్సు బయటికి తీసి ఎర్రచెలకల వైపు బండి తిప్పాలి.